కాగితం మీద నిద్ర

అక్టోబర్ 19

తమ్ముడు పోయాడు. పదిహేడో తారీఖు మధ్యాహ్నం, మూడు నలభైకి.

ఇంతకంటే రాయలేను.

అక్టోబర్ 20

రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. మరదలు ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఇంకా వాడు చేస్తాడన్నట్టు. ఎవరితో మాట్లాడను?

పదకొండేళ్ళు ఓడల మీద ఆఫీసరుగా, ఆ తర్వాత ఇంకో పదకొండేళ్ళు ఈ రేవులో ఇన్‌స్పెక్టరుగా పనిచేసినదాన్ని. కంపెనీ మనిషి ఫోన్లో చెప్పిన రెండు ముక్కలు నాకే అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను. "మేడమ్, మూడో హోల్డులో పడిపోయారు. మూత తెరిచే ఉంది. పద్దెనిమిది మీటర్లు" అన్నాడు. సరుకు నింపే ఆ గదుల్లోకి ఎన్నిసార్లు దిగానో నాకే లెక్క లేదు. పద్దెనిమిది మీటర్లంటే ఆరంతస్తుల మేడ.

జెండా ఒక దేశానిది, ఓడ ఇంకో దేశం వాడిది, వాడు పడిన రేవు మూడో దేశానిది. ఏడవడానికి మాత్రం మేమే మిగిలాం.

వారం రోజులుగా వాడు నాతో మాట్లాడలేదు. పదహారున కూడా మాట్లాడలేదు.

అక్టోబర్ 27

విమానంలో తెచ్చారు. అంతా అయిపోయింది. ముఖానికి ఏమీ కాలేదు. అమ్మ వాడి జుట్టు సవరిస్తూ "ఎంత పెరిగిందో చూడు, కత్తిరించుకోవడానికి కూడా తీరిక ఇవ్వలేదు వాళ్ళు" అంది.

అక్టోబర్ 30

మరదలు ఈ రోజు నోరు విప్పింది. విప్పకపోయినా బాగుండేది.

పదిహేడున పదకొండున్నరకి వాడు ఫోన్ చేశాడట. తొమ్మిది నెలల కాంట్రాక్టు పదకొండో నెలలో పడింది, ఇంకో మనిషి దొరికేదాకా దింపలేమంటున్నారు, కొంచెం ఓపిక పట్టు అన్నాడట. దానికి ఈ పిల్ల విసిగిపోయి, "ఓపిక లేదు. ఇంక రానే రావద్దు, ఆ ఓడనే కట్టుకో" అని పెట్టేసిందట.

"నాలుగు గంటలు వదినా. నేనా మాట అన్నాక ఆయన నాలుగు గంటలు బతికారు" అంది.

"అలా ఎవరనుకోరు మొగుడితో? మా అమ్మ మా నాన్నని రోజుకి రెండుసార్లు చావమనేది, ఆయన ఎనభై దాకా ఉన్నాడు" అన్నాను.

నవ్వలేదు.

నవంబర్ 3

కంపెనీ ఉత్తరం. సానుభూతి ఒక పేరా, మిగతా పేజీ అంతా చేతులు దులుపుకోవడం. పని గంటల, విశ్రాంతి గంటల రికార్డు ప్రకారం మృతుడు పదిహేడున పన్నెండు నుంచి ఆరు వరకు విశ్రాంతిలో ఉన్నాడు. ఆ సమయంలో డెక్ మీద అతనికి ఏ పనీ అప్పగించలేదు. హోల్డు దగ్గరికి ఎందుకు వెళ్ళాడో తెలియదు.

అంటే మూడు నలభైకి మా వాడు తన గదిలో మంచం మీద నిద్రపోతున్నాడన్నమాట. కాగితం ప్రకారం.

ఆ ఉత్తరం మరదలి కంట పడకుండా దాయాలనుకున్నాను. కానీ భార్య కాబట్టి ఆమె పేరు మీదే వచ్చింది. చదివింది. "డ్యూటీ లేకపోతే అక్కడికెందుకు వెళ్ళారు?" అని అడిగింది. తెలియదన్నాను. "నాకు తెలుసు" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

నవంబర్ 9

వాడి సామాను పెట్టె వచ్చింది. బట్టలు, బూట్లు, సగం వాడిన షేవింగ్ క్రీము, కొన్ని కాగితాలు. పనికొచ్చేవి ఏమీ లేవు.

నవంబర్ 10

పనికొచ్చేవి ఏమీ లేవని నిన్న రాశాను. ఒకటుంది.

అక్టోబర్ నెల విశ్రాంతి షీటు. నెలకొక పేజీ, రోజుకొక వరస, అరగంటకొక గడి. పనిచేసిన గడి నలుపు, విశ్రాంతి గడి తెలుపు. రూలు నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇరవై నాలుగు గంటల్లో కనీసం పది గంటల విశ్రాంతి. దాన్ని రెండు ముక్కలకు మించి చేయకూడదు, అందులో ఒకటి ఆరు గంటలకు తగ్గకూడదు. వారానికి డెబ్బై ఏడు. నెలాఖరున నావికుడు, కెప్టెన్ సంతకాలు పెట్టి, ఒక ప్రతి నావికుడి చేతికివ్వాలి. కంపెనీ ఉత్తరంతో పంపింది పదకొండు నుంచి పదిహేడు దాకా కత్తిరించిన ముక్క మాత్రమే. ఇది వాడి సొంత ప్రతి, పేజీ మొత్తం.

ముప్పై ఒకటో తారీఖు దాకా నింపి ఉంది.

పద్దెనిమిదిన ఉదయం నాలుగు నుంచి ఎనిమిది డ్యూటీ, పన్నెండు నుంచి ఆరు విశ్రాంతి. పంతొమ్మిదిన అదే. ఇరవై ఏడున, మేము వాడిని సాగనంపిన రోజున, పద్నాలుగు గంటల విశ్రాంతి. కింద వాడి సంతకం, పక్కన కెప్టెన్ సంతకం.

ఆ కాగితాన్ని నా చేతికిచ్చింది మరదలే. బూట్లలో మడిచి పెట్టి ఉందట. "ఇదేంటి వదినా? గళ్ళు గళ్ళుగా ఉంది" అంది. "ఏం లేదు, డ్యూటీ కాగితం" అన్నాను. నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

ఎందుకు దాచానంటే, అది వాడి చేతిరాత. దొంగ రికార్డు రాశాడని బయటపడితే చెడ్డపేరు వాడికే. పోయినవాడి పేరు నేను కాపాడకపోతే ఎవరు కాపాడతారు? వాడి కోసమే దాచాను.

నవంబర్ 16

ఉద్యోగంలో చేరాను. రేవులో అందరూ నన్ను భూతద్దం మేడమ్ అంటారు, నా వెనక. ఈ రోజు వంట గదుల్లో ఫ్రిజ్ తలుపులు చూశాను, లైఫ్‌బోటు తాళ్ళు చూశాను. అగ్నిమాపక గొట్టం ఒకటి కారుతుంటే మూడు పంక్తుల లోపం రాశాను. గొట్టాలు నా నుంచి తప్పించుకోలేవు.

నవంబర్ 24

కంపెనీ మీద కోపంతో ఊగిపోయాను ఈ రోజు. ముప్పై ఒకటి దాకా కెప్టెన్ ముందే సంతకం పెట్టాడంటే ఎంత బరితెగింపు. నెలాఖరున రేవులో తీరిక ఉండదని, ఒకటో తారీఖునే అందరి షీట్లూ వరసగా పెట్టుకుని సంతకాలు కొట్టేస్తారు. నాకు తెలుసు.

నాకు ఎలా తెలుసో ఇక్కడ రాయక్కర్లేదు.

నవంబర్ 25

రాస్తాను. చదివేది నేనే కదా.

వాడు మొదటిసారి ఓడ ఎక్కేముందు ఈ ఇంట్లోనే, ఈ బల్ల దగ్గరే కూర్చోబెట్టాను. ఇరవై రెండేళ్ళవాడు. కొత్త బ్యాగు, కొత్త బూట్లు. "షీటు రోజూ నింపుతూ కూర్చోకు. ఏ రోజుకారోజు రాస్తే నిజం రాయాల్సొస్తుంది, నిజం రాస్తే ఓడ ఆగుతుంది, ఓడ ఆగితే నిన్ను దింపేస్తారు. ఒకటో తారీఖునే నెలంతా నింపేయ్. నువ్వు నిద్రపోకపోయినా కాగితం నిద్రపోవాలి" అన్నాను.

వాడు పగలబడి నవ్వాడు. "మా అక్క ఇన్‌స్పెక్టరు. దొంగ చేతికి తాళాలిచ్చారు" అన్నాడు. నేనూ నవ్వాను. నా సీనియర్లు నాకు నేర్పిందే వాడికి నేర్పాను. మంచి కోరే నేర్పాను. ఆ మాట మాత్రం అబద్ధం కాదు.

డిసెంబర్ 6

బొగ్గు ఓడ. సెకండ్ ఆఫీసరు మా వాడి వయసువాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. షీటు అడిగాను. అద్దంలా ఉంది. ఒక్క గడి తేడా లేదు.

"నిన్న ఎన్నింటికి పడుకున్నావు?" అన్నాను.

చెప్పడానికి ముందు తన షీటు వంక చూసుకున్నాడు. చూసుకుని, "పన్నెండింటికి మేడమ్" అన్నాడు. నిన్న తను ఎప్పుడు పడుకున్నాడో మనిషి కాగితంలో వెతుక్కున్నాడు.

లాగ్‌బుక్ తెరిస్తే చాలు. ఓడ రేవుకి తాళ్ళు కట్టిన సమయం అందులో ఉంటుంది, ఆ సమయంలో ఇతను డెక్ మీద ఉండి తీరాలి. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే అబద్ధం నిమిషంలో తేలుతుంది. తెరవలేదు. తెరిస్తే ఆపాలి. మా పెద్దసారు ఎప్పుడూ అనే మాటే, "ఇలాంటివాటికి ఓడల్ని ఆపడం మొదలుపెడితే రేవు ఖాళీ అయిపోతుందమ్మా, తర్వాత మనం ఇక్కడ కూర్చుని ఈగలు తోలుకోవాలి."

లోపాలు లేవు అని రాసి సంతకం పెట్టాను. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? నేనే కంచె.

డిసెంబర్ 21

ఏమీ లేదు.

డిసెంబర్ 29

మరదలు ల్యాబుకి వెళ్ళడం మొదలుపెట్టింది. రక్తం తీసే పని. ఆమె చేయి పడితే నొప్పే తెలియదని పేరు. అందుకే తమ్ముడు ఆమెను సూది అని పిలిచేవాడు. ఈ రోజు ఎవరో ముసలాయన చేతికి నాలుగుసార్లు గుచ్చినా నరం దొరకలేదట. పదింటికే ఇంటికి పంపేశారు.

అమ్మ నన్ను వంటగదిలోకి పిలిచింది. "ఆ పిల్ల తనే చంపానని కుమిలిపోతోందే. నీకు ఓడల సంగతులు తెలుసుగా, ఏదో ఒకటి చెప్పు" అంది.

"ఏం చెప్పనమ్మా?"

"వాడు కావాలని చేయలేదని చెప్పు."

"నాకెలా తెలుస్తుంది?" అన్నాను. అమ్మ నా వంక అదోలా చూసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఎందుకంత గట్టిగా అన్నానో.

జనవరి 12

జెండా దేశం వాళ్ళ విచారణ నివేదిక, ముసాయిదా. సంబంధించినవాళ్ళకి చూపించి, అభ్యంతరాలకి ముప్పై రోజులు గడువిస్తారు. ఫిబ్రవరి పదకొండు ఆఖరు. ఆ రోజు విచారణాధికారి మా ఊరి షిప్పింగ్ ఆఫీసుకే వస్తాడట.

మొత్తం ముప్పై ఎనిమిది పేజీలు. ఇరవై తొమ్మిదో పేజీలో ఉంది: "రికార్డుల ప్రకారం మృతుడు తగినంత విశ్రాంతి పొందాడు. విశ్రాంతి సమయంలో హోల్డు అంచుకు ఎందుకు వెళ్ళాడో నిర్ధారణ కాలేదు. ఉద్దేశపూర్వక చర్య అనే అవకాశాన్ని తోసిపుచ్చలేము."

మరదలు ఆ పేజీ మడత పెట్టి దిండు కింద పెట్టుకుంది.

జనవరి 14

షీటు బయటపెడితే ఆ మూడు వాక్యాలూ ఎగిరిపోతాయి. చచ్చిపోయాక పద్నాలుగు రోజులు నిద్రపోయినవాడి రికార్డుని ఏ అధికారీ నమ్మడు. అది అబద్ధమైతే మిగతాదంతా తిరగేసి చూడాల్సిందే. ఆ రోజు వాడు డ్యూటీలో ఉన్నాడని తేలుతుంది.

అప్పుడు అడుగుతారు, ఈ పద్ధతి ఇతనికి ఎవరు నేర్పారని. అడగకపోవచ్చు కూడా. అడిగితే?

ఇంకా ఇరవై ఎనిమిది రోజులుంది.

జనవరి 26

పదహారున వాడు నాతో మాట్లాడలేదని మొదట్లోనే రాశాను. మాట్లాడలేదు, నిజమే. మెసేజ్ పెట్టాడు.

సాయంత్రం ఆరుంబావుకి. "అక్కా, ఉదయం ఆరింటి నుంచి నిలబడే ఉన్నా. రేవులోకి తెచ్చే పైలట్, తాళ్ళు, ఇప్పుడు కార్గో. రాత్రికి ఓడని రేవులోనే ఇంకో బెర్తుకి మారుస్తారట, అదీ నామీదే. కళ్ళు మూతలు పడుతున్నాయి. చీఫ్ ఆఫీసరుకి చెప్పనా?"

నేనప్పుడు ఇక్కడ ఒక ఓడ తనిఖీలో ఉన్నాను, చేతిలో నా ఫారాలు. చూశాను. జవాబు కూడా ఇచ్చాను. "చెప్పి ఏం లాభం, గొడవ తప్ప. షీటు శుభ్రంగా ఉందిగా. ఇంటికొచ్చాక నెలంతా పడుకో."

వాడు దండం పెట్టే బొమ్మ పంపాడు.

పదహారు ఉదయం ఆరు నుంచి పదిహేడు మూడు నలభై. లెక్క కట్టాను. ముప్పై మూడు గంటల నలభై నిమిషాలు. హోల్డు అంచుకి చేరబడి సరుకు చూస్తూ నిలబడ్డాడు. కళ్ళు మూసుకుపోయాయి. అంతే జరిగింది. నాకు అక్టోబర్ ఇరవై నుంచీ తెలుసు.

వాడి పేరు కాపాడటానికి దాచానని రాశాను. సిగ్గులేని రాత. నా పేరు కోసం దాచాను.

ఫిబ్రవరి 2

చెప్పలేదు.

ఫిబ్రవరి 5

మరదలికి చెప్పబోయాను. అమ్మ గదిలోకి వచ్చింది. చెప్పలేదు. అమ్మ రాకపోయినా చెప్పేదాన్ని కాదు.

ఫిబ్రవరి 7

మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి మరదలు బాల్కనీలో నిలబడి కిందికి చూస్తోంది. మాది నాలుగో అంతస్తు. పక్కకెళ్ళి నిలబడ్డాను. "పడేటప్పుడు నన్ను తలుచుకుని ఉంటారా వదినా?" అని అడిగింది. ఏడవకుండా అడిగింది, బస్సు ఎన్నింటికి అన్నట్టు.

చేయి పట్టుకుని లోపలికి తెచ్చాను. బాల్కనీ తలుపుకి తాళం వేశాను. రేపు చెప్తాను. రేపు చెప్పకపోతే నేను మనిషినే కాదు.

ఫిబ్రవరి 8

చెప్పాను.

ఆదివారం, ఉదయం తొమ్మిది. అమ్మ కాఫీ ఇచ్చి పక్కనే కూర్చుంది. అమ్మని వెళ్ళమనలేదు. షీటు తీసి బల్ల మీద పరిచాను. నలుపేంటో తెలుపేంటో చెప్పాను. పదిహేడో వరస మీద వేలు పెట్టి, తర్వాత ఒక్కో వరసే కిందికి జరిపాను, ముప్పై ఒకటి దాకా.

మరదలు చదువుకున్న పిల్ల. పద్దెనిమిదో వరస దగ్గరే ఆగింది. "అప్పటికి ఆయన లేరు కదా."

"లేడు."

"మరి ఇది ఎవరు రాశారు?"

"వాడే. ఒకటో తారీఖునే రాశాడు. ఓడల మీద అందరూ అలాగే రాస్తారు."

"రక్తం తీయకుండానే రిపోర్టు రాసిచ్చినట్టా?"

"అంతే."

"అయితే ఆయన విశ్రాంతిలో లేరు."

"లేడు. ముందురోజు ఉదయం నుంచీ నిలబడే ఉన్నాడు. డ్యూటీలోనే పడిపోయాడు. నిద్రలో." ఫోను తీసి మెసేజ్ చూపించాను. వాడిది చూపించాను. కింద నాదీ చూపించాను.

"దూకలేదు" అంది.

"దూకలేదు."

"నా మాటకి కాదు."

"నీ మాటకి కాదమ్మా."

బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. ఇన్నాళ్ళుగా ఏడ్చిన ఏడుపు కాదు అది, గుండె తేలికైన ఏడుపు. అమ్మ ఆమె వీపు నిమిరింది. నేనూ ఏడ్చాను. అంతా సర్దుకుందని అనుకున్నాను, నా బుద్ధి అంతే. షీటు ఇలా నింపమని వాడికి నేర్పింది నేనేనని కూడా అప్పుడే చెప్పేశాను. తలెత్తకుండానే వింది.

తర్వాత తలెత్తింది. "ఈ కాగితం పెట్టెలో నేను తీసిందే కదా. మడత నాకు గుర్తుంది."

"అవును."

"ఇదేంటని అడిగాను నిన్ను."

"అడిగావు."

"నీకు చూడగానే తెలిసింది."

"తెలిసింది."

"నవంబర్ తొమ్మిది" అంది. వేళ్ళు మడిచింది. "మూడు నెలలు వదినా. ఆయనకి నువ్వు నేర్పినదాన్ని నేను క్షమిస్తానేమో, తెలియక నేర్పావు. నేనే చంపానని రోజూ చెప్తుంటే పక్కన కూర్చుని విన్నావు. నా చేతికి నీళ్ళ గ్లాసిచ్చావు. నిన్న ఆ బాల్కనీలో కూడా నోరు విప్పలేదు. నీ బ్యాగులో ఉంది ఇది."

అమ్మ నా వంక చూడలేదు. కాఫీ గ్లాసులు తీసి వంటగదిలోకి వెళ్ళి, చాలాసేపు కడుగుతూనే ఉంది.

ఫిబ్రవరి 11

షిప్పింగ్ ఆఫీసు, రెండో అంతస్తు. విచారణాధికారి నెరిసిన జుట్టు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. నీళ్ళ సీసా మీది కాగితం గోటితో ఒలుస్తూ విన్నాడు. మరదలు నా పక్క కుర్చీలోనే కూర్చుంది, మధ్యలో తన సంచి పెట్టుకుని.

షీటు ఇచ్చాను. ఆయన ఒలవడం ఆపాడు. "ముప్పై ఒకటి దాకా ఉందే."

"అవును సార్. చనిపోయాక రెండు వారాలు రూలు ప్రకారం విశ్రాంతి తీసుకున్నాడు."

"కెప్టెన్ సంతకం కూడా ఉంది. ఇది నెల మొదట్లోనే చేశారని మీరెలా చెప్పగలరు?"

"అలా చేయమని వాడికి నేర్పింది నేను కాబట్టి. నేను ఈ రేవులో ఇన్‌స్పెక్టర్ని. ఇలాంటి షీట్లు చూసి, అబద్ధమని తెలిసే వదిలేసినదాన్ని. పదహారు సాయంత్రం అలసిపోయానని మెసేజ్ పెడితే నోరు మూసుకోమన్నదాన్ని కూడా నేనే." ఫోను ఆయన ముందుకి జరిపాను. ఉద్యోగం పోతే పోనీ అనుకోలేదు. అసలు ఉద్యోగం గుర్తుకే రాలేదు.

ఆయన చాలాసేపు రాసుకున్నాడు. ఇరవై తొమ్మిదో పేజీ తీసేస్తామన్నాడు. రికార్డులు నమ్మదగ్గవి కావని, అలసటే కారణమని మార్చి రాస్తామన్నాడు. కెప్టెన్ని, కంపెనీని మళ్ళీ ప్రశ్నిస్తామన్నాడు. మరదలు కళ్ళు మూసుకుంది.

తర్వాత నా వైపు తిరిగి, దయగానే అన్నాడు, "మీరు ఎక్కువ మనసుకు తీసుకోకండి మేడమ్. మీకు తెలియంది కాదు. అంతర్జాతీయ నియమావళి ప్రకారం ఈ విచారణ ఉద్దేశం ఇలాంటిది మళ్ళీ జరగకుండా చూడటమే. ఎవరి మీదా తప్పు మోపడం కాదు."

తెలుసు. ప్రతి నివేదికలోనూ ఆ వాక్యం ఉంటుంది. వందసార్లు చదివి ఉంటాను, మంచి వాక్యమనే అనుకున్నాను. ఈ రోజు ఆ మనిషి బల్ల గుద్ది తప్పు నీదే అంటే కాళ్ళ మీద పడేదాన్ని.

మెట్ల దగ్గర మరదలు ఆగింది. రేపు అమ్మతో కలిసి వేరే ఇంటికి వెళ్ళిపోతున్నామని చెప్పింది. అమ్మే వస్తానందట. తలూపాను.

"వాళ్ళు మోపరట కదా" అంది. "వాళ్ళ రూలు వాళ్ళది. నేను మోపుతాను వదినా. బతికున్నంతకాలం మోపుతాను."

"మోపు" అన్నాను.

ఆమె ముందు దిగింది. నేను రెండో అంతస్తు కిటికీ దగ్గరే నిలబడ్డాను, ఆమె బస్సెక్కేదాకా.